ఊరుమ్మడి మెయిలు

చిన్నకొత్తూరులో మూడు వందల ఎనభై గడపలున్నాయి. మెయిలు మాత్రం ఒక్కటే. అది ఢిల్లీబాబుది.

సుమ్మాదేవి స్టేషను నుంచి ఊళ్ళోకి వచ్చే రోడ్డు మీద, ఎరువుల కొట్టుకీ టీ బడ్డీకీ మధ్యన అతని నెట్ సెంటరు. పేరుకు సెంటరేగాని ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. పింఛను దరఖాస్తయినా, పిల్లల హాల్ టికెట్టయినా, భూమి కాగితమయినా ఊరంతా అక్కడికే రావాలి. ఏ దరఖాస్తులోనయినా మెయిలు గడి కనిపించిందంటే చాలు, ఢిల్లీబాబు వేళ్ళు వాటంతటవే తన మెయిలు కొట్టేసేవి. మీకు మెయిలుందా అని ఇతనడిగి, అదేమిటని వాళ్ళడిగి, ఇతను విడమరిచి చెప్పేలోగా కరెంటు పోతుంది. పాస్‌వర్డు ఊరి పేరూ పిన్‌కోడూ. తాను భోజనానికి వెళ్ళినప్పుడు ఎవరికయినా అవసరం పడుతుందని దాన్ని చీటీ మీద రాసి మానిటరు అంచుకు అంటించాడు కూడా. అది తప్పని అతనికెవరూ చెప్పలేదు. చెప్పినా నవ్వి ఊరుకునేవాడు, మన ఊరోళ్ళకి మన ఊరోళ్ళ దగ్గర దాపరికమేమిటని.

కిడ్నీ కాగితాలూ అలాగే వచ్చి చేరాయి. ఊరున్న ఉద్దానం ప్రాంతంలో ఆ జబ్బు లేని వీధి లేదు. విశాఖలో డాక్టరుగారు, ప్రతి నెలా ఇంత దూరం ఎందుకు, రక్తపరీక్ష చేయించుకుని కాగితం మెయిలు చెయ్యండి, చూసి జవాబిస్తాను అన్నారు. ఆ మాటతో ఊళ్ళో ముప్పై నలభై మందికి విశాఖ రైలు తప్పింది. డాక్టరుగారి దగ్గర మెయిళ్ళు చూసే సాహిత్య అనే అమ్మాయికి ఢిల్లీబాబే ఫోను చేసి, మా ఊరోళ్ళవి ఎవరివయినా ఈ మెయిలుకే పెట్టీండి మేడమ్, నేను అందజేస్తానని చెప్పాడు. అన్నట్టే అందజేశాడు. ఇంగ్లీషు జవాబును తెలుగులో విప్పి చెప్పి, నడవలేని వాళ్ళకు ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చాడు. ఆరేళ్ళుగా చేస్తున్నాడు, చేసి చేసి అలిసిపోయాడు. ఊళ్ళో ఎవరు ఎదురుపడ్డా మనిషి కంటే ముందు ఆ మనిషి అంకె గుర్తుకు రావడం మొదలయింది.

రక్తపరీక్ష కాగితంలో క్రియాటినిన్ అని ఉండే ఆ అంకెను ఊళ్ళో సీరం అంటారు. దాన్ని నోటితో పలకరు. పలికితే పెరుగుతుందని ఒక నమ్మకం. ఎవరయినా అడిగితే వేళ్ళు చూపిస్తారు. రెండు వేళ్ళంటే ఇంకా పనికి వెళ్ళొచ్చు. నాలుగంటే పథ్యం. పిడికిలి మూస్తే డయాలసిస్ అని అర్థం. చంటిపిల్లలకు కూడా ఆ లెక్క తెలుసు.

సోమవారం ఉదయం వైకుంఠరావు జిరాక్సుల కోసం వచ్చాడు. ఊరి చుట్టూ ఉన్న జీడితోటల్లో సగం వాళ్ళ కుటుంబానివి. జీడి ఏరడాలు అయిపోయి కౌళ్ళు తిరగరాసే రోజులు. కాగితాలు ప్రింటరులోంచి వస్తుండగా అతను కుర్చీలో వెనక్కి వాలి, కూర్మయ్యకి తోట కౌలు మళ్ళీ మూడేళ్ళకు రాద్దామనుకుంటున్నాను, ఒంట్లో బాగుంటోందా వాడికి, అని వానల సంగతి అడిగినంత తేలిగ్గా అడిగాడు.

ఢిల్లీబాబు చెప్పకూడదనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. అయినా మౌసు మీదున్న చెయ్యి కొంచెం పైకి లేచింది, అయిదు వేళ్ళూ విచ్చుకున్నాయి, మళ్ళీ మౌసు మీద వాలింది. అంతా రెప్పపాటులో అయిపోయింది. వైకుంఠరావు ఆ చేతి వంకే చూస్తున్నాడు. అలాగా, అన్నాడు. జిరాక్సులు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నోటితో తానేమీ అనలేదు గదా అని ఢిల్లీబాబు తనకు తాను సర్ది చెప్పుకున్నాడు.

మంగళవారం ఢిల్లీబాబు భార్య నీలవేణి పనికి సెలవు పెట్టి టెక్కలి వెళ్ళింది. పిన్నికి ఒంట్లో బాగోలేదంది. ఆమె పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు మీది పొట్టు ఒలిచే పని చేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కింద కూర్చుని, చిన్న చాకుతో, పప్పు విరక్కుండా ఒలవాలి. నడుము నొప్పని రోజూ మాత్ర వేసుకుంటుంది. ఎండలు కదా, టెక్కలి బస్సులో తాగమని ఢిల్లీబాబే సీసా నిండా కొబ్బరినీళ్ళు పోసిచ్చాడు.

బుధవారం కూర్మయ్య వచ్చాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి, ఎనిమిదేళ్ళుగా వైకుంఠరావు తోట చేస్తున్నాడు. అందులో జీడిచెట్ల మొదళ్ళలో తుప్పలు కొట్టి, పాదులు తీసి, ఎండిన కొబ్బరిచెట్ల స్థానంలో కొత్తవి నాటింది అతనే. కుర్చీలో కూర్చోకుండా గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. తోట హరిపురం మనిషికి ఇచ్చేశారట. ఆ కబురు చెప్పడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ చుట్టుకున్నాడు.

"ఒళ్ళు బాగోనోడివి, ఇంటికాడ పడుకోక నీకెందుకురా తోటలు అన్నాడు," అన్నాడు కూర్మయ్య. "నాకెంతున్నాదో ఆ బాబుకెలాగ తెలిసినాదో మరి."

ఢిల్లీబాబు ప్రింటరులో కాగితాలు సర్దసాగాడు. సర్ది ఉన్నవే మళ్ళీ సర్దాడు. కూర్మయ్య నిందించడానికి రాలేదు. అతనికి కావలసింది ఒక్కటే, ఆ డబ్బాలో ఉన్న తన కాగితాలు తీసెయ్యాలి. ఢిల్లీబాబు వెతికి, కూర్మయ్య చూస్తుండగా, పదకొండు మెయిళ్ళు ఒక్కొక్కటే చెరిపేశాడు. చెరిపినవి ముప్పై రోజుల దాకా చెత్తబుట్టలో అలాగే ఉంటాయని మాత్రం చెప్పలేదు.

"ఇంక నేవు గదా?" అన్నాడు కూర్మయ్య.

"నేవు మావా."

కూర్మయ్య మోకాళ్ళ మీద చేతులానించి లేచి, తోటకు వెళ్ళే దారి పట్టబోయి, ఆగి, ఇంటి వైపు తిరిగాడు.

గురువారం పది గంటలకు డాక్టరుగారి దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. కుర్చీల్లో ఇద్దరున్నారు. టీ బడ్డీ ప్రేమ్‌కుమార్ గ్లాసులు పట్టుకెళ్ళడానికి వచ్చి తెర వంక చూస్తూ నిలబడ్డాడు. మెయిలు తెరవగానే పేరు పైకి చదవడం ఢిల్లీబాబుకు అలవాటు. ఎవరో ఒకరు విని ఆ ఇంటికి కబురు పట్టుకెళ్తారు. అలాగే నోరు తెరిచాడు.

కె. నీలవేణి, 37 సంవత్సరాలు, చిన్నకొత్తూరు.

"నీ..." అని ఆగిపోయాడు. చెయ్యి చాచి మానిటరు మీట నొక్కాడు. తెర నల్లబడింది.

"ఎవలిదిరా?" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"నెట్టు పోనాది," అన్నాడు ఢిల్లీబాబు. ఆరేళ్ళలో ఆ కుర్చీలో కూర్చుని ఒక మనిషి పేరు దాచడం అదే మొదటిసారి. ప్రింటరు పాడయిందని, మధ్యాహ్నం రమ్మని కుర్చీల్లో వాళ్ళను పంపించి, షట్టరు సగానికి దించి, అప్పుడు మళ్ళీ తెర వేశాడు.

సీరం మూడు పాయింట్ నాలుగు. పొటాషియం ఆరు పాయింట్ మూడు. నొప్పి మాత్రలు ఇవాళే ఆపెయ్యాలి. కొబ్బరినీళ్ళు, అరటిపండు ముట్టకూడదు. పొటాషియం ఇంత ఉంటే గుండెకు ప్రమాదం, ఆలస్యం చెయ్యకుండా ఈరోజే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ కింద, మంగళవారం ఆమె రక్తపరీక్ష చేయించుకుని పంపించిన మెయిలు ఉంది. టెక్కలిలో ఏదో నెట్ సెంటరు నుంచి పంపింది. అక్కడి వాళ్ళు ఇంగ్లీషులో రాసిపెట్టినట్టున్నారు. చివరి వాక్యం ఇది: దయచేసి దీనికే జవాబివ్వండి, మా ఊరి మెయిలుకు పంపకండి.

సాహిత్య హడావిడిలో ఊరి మెయిలు అన్న మాటే చూసిందో, ఫైలులో ఊరి పేరు చూసిందో, ఎప్పటిలాగే చిన్నకొత్తూరుకు పంపేసింది. ఢిల్లీబాబు తానుగా చెప్పి చేయించుకున్న ఏర్పాటది.

ముందు అతనికి కోపం వచ్చింది. సొంత కంప్యూటరున్న మనిషి, మొగుడు ఇదే పని చేస్తుండగా, ముక్కూ మొహం తెలియని వాళ్ళ చేత రాయించుకోవడానికి టెక్కలి దాకా వెళ్ళిందా. తరవాత ఆ చివరి వాక్యం రెండోసారి చదివాడు, మూడోసారి చదివాడు. ఇవాళ పొద్దున్న కూడా తన చేత్తో కొబ్బరినీళ్ళు పోసిచ్చిన సంగతి గుర్తుకొచ్చింది. అప్పుడు భయం వేసింది. భయం వేశాక కోపం ఎటు పోయిందో తెలియలేదు.

ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ ఫోన్లు గేటు దగ్గర బుట్టలో పెట్టించేస్తారు, భోజనాల వేళ దాకా అందవు. ఢిల్లీబాబు షట్టరు పూర్తిగా దించి బండి తీశాడు. పలాస వెళ్ళేదాకా దారి పొడవునా ఆమెకు ఎలా చెప్పాలా అని ఆలోచించాడు. మెయిలు చదవనట్టు నటించి, ఏదో వంక పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళొచ్చు. సాహిత్య ఫోను చేసిందని అబద్ధమాడొచ్చు. ఒక్కొక్కటీ తయారు చేసుకోవడం, నచ్చక వదిలెయ్యడం. ఎదురుగా కొబ్బరి కాయల లారీ హారను కొడితేగాని తాను రోడ్డు మధ్యకు వచ్చేశానని తెలియలేదు.

గేటు దగ్గర సూపర్‌వైజరు ఆపాడు. ఏం పనని అడిగాడు. ఉద్దానం నుంచి వచ్చే ఆడవాళ్ళలో ఇద్దరికి సీరం ఉందని తెలిసి, కూర్చున్న చోట పడిపోతే ఎవరిది బాధ్యత అని, పోయిన ఏడాది అదే గేటు నుంచి పంపించేశారు. ఆ సంగతి నీలవేణే ఇంటికొచ్చి చెప్పింది. రోజూ మాత్ర మింగి మరీ కూర్చుని ఒలిచేది ఎందుకో ఢిల్లీబాబుకు ఇప్పుడు అర్థమయింది.

"ఆళ్ళ పిన్ని టెక్కల్లో పడిపోనాది బాబూ. ఒక పాలి పంపండి," అన్నాడు.

నీలవేణి తలకు కట్టిన గుడ్డ విప్పుకుంటూ వచ్చింది. చేతులకూ జాకెట్టుకూ ఎర్రటి పొట్టు. పిన్నికి ఏమయిందని అడగలేదు, పిన్నికి ఏమీ కాలేదని ఆమెకు తెలుసు. గేటు దాటి పదడుగులు వేశారు. దారిలో తయారు చేసుకున్న అబద్ధాల్లో ఒక్కటీ ఢిల్లీబాబుకు నోటికి రాలేదు.

"డాకటరు మెయిలు వచ్చినాది. ఇప్పుడే ఆసుపత్రికి ఎల్లాల," అన్నాడు.

"ఎవలికి వచ్చినాది?"

"ఊరి మెయిలుకి."

నీలవేణి కళ్ళు మూసుకుంది. ఎంత ఉందని అడుగుతుందనుకున్నాడు. ప్రమాదమా అని అడుగుతుందనుకున్నాడు.

"ఎవలెవలు సూసినారు?" అంది.

నేనొక్కడినే అన్నాడు. ఆమె నమ్మలేదు. ప్రేమ్‌కుమార్ లేడా అంది, కుర్చీల్లో ఎవరూ లేరా అంది. తెర ఆపేశానని, పేరు పైకి చదవలేదని అతను బండి హ్యాండిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేసినట్టు చెప్పాడు. అప్పుడుగాని ఆమె బండెక్కలేదు.

ఆసుపత్రిలో రక్తం తీశారు, గుండెకు తీగలు పెట్టి చూశారు. మంచం మీద పడుకోబెట్టి నరానికి మందు ఎక్కిస్తూ, రెండు రోజులుండాలన్నారు. సమయానికే తెచ్చావని, ఈ వేడిలో ఇంకో రోజు అలాగే పనికి వెళ్ళుంటే చెప్పలేకపోయేవాళ్ళమని అక్కడి డాక్టరమ్మ అంది. ఢిల్లీబాబు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పక్క మంచం మీద బారువ నుంచి వచ్చిన ముసలాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన నిద్రపోయాడని తెలిసేదాకా నీలవేణి ఢిల్లీబాబును మాట్లాడనివ్వలేదు.

"నాతో సెప్పొచ్చు గదే," అన్నాడు ఢిల్లీబాబు. "నానేటి పరాయోడినా?"

ఆమె సూది గుచ్చిన చెయ్యి వంక చూసుకుంది. కోపంగా లేదు. కోపం వచ్చేంత ఓపిక ఆమెకు లేదు.

"నువ్వు అన్నం తింటా ఊరందరి అంకెలూ సెప్పీవోడివి బావా. ముసలమ్మకి ఏడొచ్చినాది, పైడిరాజుకి పిడికిలి మూసేసినారు అని. నాకూ పిల్లకీ సెప్పీవోడివి. నాను ఇనీదాన్ని. నా అంకె ఏ ఇంటి అన్నంలోకి ఎల్తాదో అని బయమేసినాది."

ఎవరి చెడూ కోరి చెప్పలేదని ఢిల్లీబాబు అనుకున్నాడు. నిజమే, కోరలేదు. అలసిపోయి, ఒక్కడూ మొయ్యలేక, ఇంటికొచ్చి కంచం ముందు దింపుకునేవాడు. తన బరువు దింపుకోవడమే తెలుసుగాని అది ఎవరి నెత్తిన పడుతోందో చూసుకోలేదు.

"కూరమయ్య మావ తోట పోనాది నీవల్లేనా?" అంది నీలవేణి. అతను తలూపాడు. నోటితో సెప్పినావా అంది. లేదన్నాడు. నోటితో చెప్పకపోతే ఎలా చెబుతారో ఆ ఊళ్ళో పుట్టిన మనిషికి తెలియనిది కాదు.

శుక్రవారం పొద్దున్న కూతురు ఇందును తల్లి దగ్గర కూర్చోబెట్టి ఢిల్లీబాబు ఊరికొచ్చాడు. ముందు మానిటరుకు అంటించిన చీటీ గోటితో గీకి తీశాడు. పాస్‌వర్డు మార్చాడు. చెత్తబుట్ట తెరిచి కూర్మయ్య పదకొండు మెయిళ్ళూ పూర్తిగా చెరిపాడు. తరవాత వైకుంఠరావు ఇంటికి వెళ్ళి, ఆరోజు తాను చూపించింది కూర్మయ్యది కాదు, వేరెవరిదో అనుకుని పొరబడ్డానన్నాడు. వైకుంఠరావు నవ్వాడు. నీకు అబద్ధం రాదురా అన్నాడు. కాగితం రాయడమయిపోయింది, హరిపురం మనిషి పనిలోకి దిగిపోయాడు కూడా. నీ తప్పేముంది, నువ్వు చెప్పకపోతే ఇంకొకడు చెప్పేవాడు, అని టీ తాగి వెళ్ళమన్నాడు. ఢిల్లీబాబు తాగకుండా వచ్చేశాడు.

కూర్మయ్య ఇంటి అరుగు మీద కొబ్బరి ఈనెలు చీలుస్తున్నాడు. చేసే పని లేక చేస్తున్న పని అది. ఢిల్లీబాబు ఎదురుగా నిలబడి, నీ అంకె చెప్పింది నేనే మావా అన్నాడు. కూర్మయ్య చాకు ఆపలేదు. ఇంకో నాలుగు ఈనెలు చీల్చి పక్కన పెట్టాడు.

"తెలుసు," అన్నాడు. "నాకూ డాకటరుకీ కాక తెలిసినోడివి నువ్వొక్కడివే గదా."

మరి మొన్న ఎందుకు అడగలేదని ఢిల్లీబాబు అన్నాడు. అడిగితే వచ్చే నెల కాగితం ఎవరు పంపుతారని కూర్మయ్య అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఢిల్లీబాబుకు. నీకు వేరే మెయిలు పెడతాను, నీది నీకే ఉంటుందన్నాడు. కూర్మయ్య చూద్దాంలే అన్నాడు, వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

శనివారం సాయంత్రం నీలవేణిని పంపించారు. పొటాషియం దిగింది. సీరం అలాగే ఉంది, అది దిగేది కాదు. ఉప్పు తగ్గించాలి, నొప్పి మాత్రలు మానాలి, పదిహేను రోజులకోసారి రక్తం చూపించి కాగితం పంపాలి. మళ్ళీ టెక్కలి వెళ్తానంటుందేమోనని ఢిల్లీబాబు బండి మీద వస్తున్నంతసేపూ ఎదురు చూశాడు. ఆమె ఇంటికి రాగానే పిన్నికి నెమ్మదించిందని ఫ్యాక్టరీకి ఫోను చేసి, సోమవారం వస్తానని చెప్పింది.

ఆదివారం షాపుకు సెలవు. పొద్దున్నే వంట ముగించుకుని, నీలవేణి తాళాలు అడిగింది. ఇద్దరూ వెళ్ళారు. ఎవరూ రాకుండా షట్టరు నడుము దాకా దించమంది. కంప్యూటరు ముందు అతని కుర్చీలో తాను కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

"నాకొకటి తెరువు," అంది. "నా ఒక్కదానికే."

ఢిల్లీబాబు పక్కన నిలబడి ఎక్కడ నొక్కాలో చూపించాడు. పేరు కొట్టింది. ఒక్కొక్క అక్షరమూ వెతికి, పప్పును పట్టుకున్నంత మెల్లగా వేలు పెట్టి నొక్కింది. పుట్టిన తేదీ కొట్టింది. ఫోను నంబరు దగ్గర తన చిన్న ఫోను నంబరు కొట్టి, దానికి వచ్చిన అంకెలు తానే చూసి ఎక్కించింది. ఇంకో గడి దగ్గర ఆగింది. అదేమిటని అడిగింది. మరిచిపోతే తిరిగి తెచ్చుకోవడానికి ఇంకో మెయిలు ఇవ్వాలని చెప్పాడు. మెయిలు గడి కనిపిస్తే ఇప్పటిదాకా అందరికీ తనదే కొట్టేవాడు. చెయ్యి ముందుకు రాబోతే వెనక్కి తీసుకున్నాడు.

"ఇయ్యకపోతే?"

"ఇయ్యకపోనా పర్నేదు."

"అయితే ఒగ్గీ," అంటూ ఆ గడి ఖాళీగానే వదిలేసింది.

తరవాత పాస్‌వర్డు గడి వచ్చింది. నీలవేణి ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. తాను ఇంకా తెర వంకే చూస్తున్నానని ఢిల్లీబాబుకు కాసేపటికి గాని తెలియలేదు.

"అటు తిరుగు బావా," అంది.

తిరిగాడు. సగం దించిన షట్టరు కింద నుంచి రోడ్డు మీద పోయే వాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, ఎవరివో పోల్చుకోలేం. వెనక మీటలు పడుతున్న చప్పుడు. ఒకటి, ఆగి ఒకటి. ఎన్ని పడ్డాయో లెక్కపెడుతున్నానని గ్రహించి, లెక్క మానడానికి ప్రయత్నించాడు. అయిపోయిందనుకున్నాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలయింది. రెండుసార్లు కొట్టాలి కదా. పదిహేడేళ్ళ కాపురంలో ఆమెకు తనతో పని లేని చోట ఇలా నిలబడడం ఎప్పుడూ జరగలేదు. బాధగానే ఉంది. కాదనే హక్కు లేదనీ తెలుసు.

"అయిపోనాది," అంది నీలవేణి.

అతను ఇటు తిరిగాడు. తెర మీద ఖాళీ పెట్టె తెరుచుకుని ఉంది, అందులో ఇంకా ఒక్క మెయిలూ లేదు. ఆమె దాన్ని మూసేసి, మూసుకుందో లేదో మళ్ళీ చూసి, కుర్చీలోంచి లేచింది.

"డాకటరు ఇంగిలీసులోనే రాత్తాడు గదా. నాకు రాదు," అంది. "నాను తెరిసి పిలుత్తాను. పిలిసినప్పుడు వచ్చి సదువు."

సరే అన్నాడు ఢిల్లీబాబు.